పోలీసు జట్టు గెలిచిన సంవత్సరం

వరంగల్లు సుబేదారి పేరులో నిజాము కాలపు పాలన నేటికీ వినబడుతుంది. హైదరాబాదు సంస్థానపు నాలుగు సుబాలలో వరంగల్లు ఒకటి. దాని అధిపతి సుబేదారు. ఆ పదవి పోయినా పేరు నిలిచింది. అదే సంస్థానంలో పుట్టి దేశాన్ని గెలిచిన ఒక ఫుట్‌బాల్ జట్టుకు ఆపాటి అదృష్టం కూడా దక్కలేదు. అది హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు.

1950వ సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. సైనిక చర్య జరిగి రెండేళ్ళు. నల్లగొండ, వరంగల్లు పల్లెలలో సాయుధ పోరాటం ఇంకా సాగుతూనే ఉంది. 1951 అక్టోబరులో గాని అది ఆగలేదు. పోలీసు అన్న మాట వింటే మన పల్లెలు తలుపులు మూసుకునే రోజులవి. అదే ఏడు బొంబాయి, ఢిల్లీ మైదానాలలో హైదరాబాదు పోలీసు పేరు కీర్తిని మూటగట్టుకుంది. ఈ రెండూ ఒకే చరిత్రలోని పుటలే.

ఆ ఏడు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1940 తరువాత ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు స్వతంత్ర భారతంలో తొలిసారి జరిగిందీ అప్పుడే. ఢిల్లీలో జరిగిన తుదిపోరులో ఎదురైనది కలకత్తా మోహన్ బగాన్. మొదటి ఆట 1-1తో తేలలేదు; మళ్ళీ ఆడినప్పుడు 1-0తో విజయం మనవారిదయింది. రోవర్స్ కప్పు 1954 దాకా, వరుసగా అయిదేళ్ళు, హైదరాబాదు వీడలేదు.

నేడు ఐరోపా జట్లకు స్వదేశపు పోటీ ఒకటి, ఖండాంతపు పోటీ ఒకటి. 1950లో అక్కడా ఆ ఏర్పాటు లేదు. ఐరోపా కప్పు మొదలయింది 1955లో. హాలెండులో ఆట వృత్తిగా మారింది 1954లో. ఆసియా జట్ల పోటీ వచ్చింది 1967లో. కనుక మన జట్టుకు బొంబాయి, ఢిల్లీలే పరదేశాలు.

ఈ విజయాల వెనుక ఉన్నవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివిన ఉపాధ్యాయుడు. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఒంటరిగా పరుగెత్తడం నిషిద్ధమైన పోటీలను, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన నడిపించాడు. ఒక్కని నైపుణ్యం కంటె పదిమంది పొందిక మిన్న అన్నది ఆ శిక్షణలోని సారం. ఆ పాఠమే 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణానికి చేర్చింది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశాడు.

క్షీణత ఒక్కరోజులో రాలేదు. పోలీసు కొలువు తిండి పెట్టగలిగింది గాని, కలకత్తా మైదానాల ఆకర్షణను ఆపలేకపోయింది. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. రాష్ట్రాలు మారాక జట్టు పేరూ ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారింది.

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు ఆశ చిగురించింది. 2025లో ఆ జట్టూ ఢిల్లీకి తరలిపోయింది. ఒకప్పుడు మనవారు ఢిల్లీ వెళ్ళి కప్పు తెచ్చారు. ఇప్పుడు ఢిల్లీ జట్టునే తీసుకుపోయింది.

రాజుల దండయాత్రలను తేదీలతో సహా వల్లించే మనం, బంతితో దేశాన్ని గెలిచిన కానిస్టేబుళ్ళకు ఒక పుట కేటాయించలేమా? మీ ఇండ్లలోని పెద్దలెవరైనా ఆ ఆటలు చూసి ఉంటే, వారి మాటలు వెంటనే రాసి పెట్టండి. ఆలస్యమైతే చెప్పేవారుండరు.