జననరేఖయు మరణరేఖయు: సోవియట్ సమాఖ్యానంతర దేశముల జనసంఖ్యా చరిత్ర

రాజ్యముల చరిత్రకు శాసనములును సంధిపత్రములును ఆధారములైనట్లే ప్రజల చరిత్రకు జనన మరణముల పట్టికలు ఆధారములు. శాసనమును వ్రాయించువాడు తన ఘనతనే వ్రాయించుకొనును. పుట్టుక చావుల పట్టిక యట్టిది కాదు. ఒక దేశమున ఏ యేట ఎందరు పుట్టిరి, ఎందరు ఏ వయస్సున మరణించిరి, ఎందరు ఇల్లు వాకిలి విడిచి పోయిరి అను మూడు సంగతులు తెలిసినచో, ఆ దేశపు ప్రజలు ఆ కాలమున ఎట్లు బ్రతికిరో చాలవఱకు తెలియును. 1991 డిసెంబరులో సోవియట్ సమాఖ్య విచ్ఛిన్నమై 15 స్వతంత్ర దేశములుగా విడిపోయిన పిమ్మట అక్కడి సామాన్యులకు ఏమి జరిగినదో తెలిసికొనుటకు ఈ పట్టికలను మించిన సాక్ష్యము లేదు.

1989 జనవరిలో జరిగిన చివరి సోవియట్ జనాభా లెక్కల ప్రకారము ఆ సమాఖ్య ప్రజలు 28 కోట్ల 67 లక్షలు. అందు రష్యాలో 14 కోట్ల 70 లక్షలు, ఉజ్బెకిస్తాన్‌లో 1 కోటి 98 లక్షలు, లాట్వియాలో 26 లక్షల 67 వేలు. ఈ దేశములన్నియు ఒకే కుదుపునకు లోనయ్యెను. కాని 2024 నాటికి ఉజ్బెకిస్తాన్ ప్రజలు సుమారు 3 కోట్ల 68 లక్షలైరి. లాట్వియా ప్రజలు 18 లక్షల 70 వేలకు తగ్గిరి. ఒకటి రెట్టింపునకు చేరువ కాగా, మఱియొకటి పదింట మూడు వంతులు కోల్పోయెను. కనుక సోవియట్ సమాఖ్య పతనముతో జనసంఖ్య తగ్గినదను ఒక్క మాటతో ఈ చరిత్ర తీరదు. జననము, మరణము, వలస అను మూడు లెక్కలను వేర్వేఱుగా పరిశీలింపవలసి యున్నది.

పూర్వరంగము

1991 తరువాతి మార్పులకు బీజములు అంతకు పూర్వమే కలవు. 1932-33 సంవత్సరములలో యుక్రెయిన్, కజకస్తాన్ మున్నగు ప్రాంతములందు ఘోరమైన క్షామము సంభవించెను. 1937 జనవరిలో తీసిన జనాభా లెక్కలలో దేశప్రజలు 16 కోట్ల 20 లక్షలని తేలెను. 1933 చివరకే 16 కోట్ల 80 లక్షలున్నారని స్టాలిన్ అంతకు ముందు ప్రకటించి యుండెను. ఈ రెండు అంకెలకు పొత్తు కుదరలేదు. ప్రభుత్వము లెక్కలను రద్దుచేసి, వానిని నడిపిన గణాంకాధికారులలో పలువురను నిర్బంధించెను. కొందఱికి మరణశిక్ష పడెను. 1939లో మరల లెక్కలు తీసి 17 కోట్లని ప్రకటించిరి.

పిమ్మట రెండవ ప్రపంచయుద్ధమున ఆ దేశము సుమారు 2 కోట్ల 60 లక్షల మందిని కోల్పోయెను. 1959 జనాభా లెక్కలలో పురుషులకంటె స్త్రీలు 2 కోట్లకు పైగా ఎక్కువగా నుండిరి. యుద్ధకాలమున పుట్టవలసిన బిడ్డలు పుట్టలేదు. పుట్టని ఆ తరము 1960వ దశకపు ఉత్తరార్ధమున తల్లిదండ్రులు కావలసిన వయస్సునకు వచ్చునప్పటికి జననములు మరల తగ్గెను. ఇట్లు ఒక గాయము ఇరువది, ఇరువదియైదేండ్ల కొకసారి మరల కనబడుట రష్యా జనసంఖ్యలో ఒక లక్షణమైనది.

1974 తరువాత సోవియట్ ప్రభుత్వము శిశుమరణముల లెక్కలను ప్రకటించుట మానివేసెను. శిశుమరణములు తగ్గవలసిన కాలమున పెరుగుచుండుటయే దీనికి కారణము. ఈ సూచనను గమనించిన ఫ్రెంచి పండితుడు ఎమ్మాన్యుయేల్ టాడ్ 1976లోనే ఆ వ్యవస్థ పతనమును ఊహించి గ్రంథము రచించెను. సైన్యమును, క్షిపణులను లెక్కించిన వారికి కనబడని బలహీనత పసిబిడ్డల మరణములను లెక్కించిన వానికి కనబడెను.

1985 మేనెలలో గోర్బచేవ్ ప్రభుత్వము మద్యపానమును అరికట్టుటకు గట్టి చర్యలు చేపట్టెను. 1984లో 61.7 ఏండ్లుగా నున్న రష్యా పురుషుల సగటు ఆయుర్దాయము 1987 నాటికి 64.9 ఏండ్లకు పెరిగెను. ఆ దశకమున తల్లులకు సెలవులు, భృతులు హెచ్చించుటచే జననములును పెరిగెను. 1987లో రష్యాలో 25 లక్షల శిశువులు జన్మించిరి; ఒక్కొక్క స్త్రీకి సంతానపు సగటు 2.2. ఒక తరము తనంత సంఖ్యగల మఱియొక తరమును నిలుపుటకు సుమారు 2.1 చాలును. అనగా నాలుగేండ్లలో సమాఖ్య పతనము కానుండగా జనసంఖ్య మాత్రము నిలకడగానే కనబడెను.

రెండు రేఖలు ఖండించుకొనిన సంవత్సరము

1992 జనవరి 2వ తేదీన రష్యా ప్రభుత్వము వస్తువుల ధరలపై నియంత్రణమును తొలగించెను. కొలది మాసములలో సామాన్యుల జీవితకాలపు పొదుపు విలువ లేనిదయ్యెను. ఆ యేడు రష్యాలో 15 లక్షల 88 వేల జననములు, 18 లక్షల 7 వేల మరణములు నమోదయ్యెను. పటముపై గీచినచో క్రిందికి దిగు జననరేఖయు మీదికి లేచు మరణరేఖయు అక్కడ ఒకదానినొకటి ఖండించును. ఆ యాకారమును బట్టి జనసంఖ్యా శాస్త్రజ్ఞులు దీనిని ‘రష్యా సిలువ’ అనిరి. 1994లో మరణములు 23 లక్షలకు చేరెను. 1999లో జననములు 12 లక్షల 15 వేలకు దిగి, సంతానపు సగటు 1.16 అయ్యెను.

మరణించిన వారెవరు అనునది ముఖ్యమైన ప్రశ్న. క్షామములందును అంటువ్యాధులందును మొదట పోవువారు పసివారును వృద్ధులును. రష్యాలో జరిగినది వేరు. అక్కడ విశేషముగా మరణించినవారు పనిచేయు వయస్సునందలి పురుషులు. గుండెజబ్బు, మద్యము, ప్రమాదములు, ఆత్మహత్య, హత్య ఇవి ప్రధాన కారణములు. 1994లో పురుషుల సగటు ఆయుర్దాయము 58 ఏండ్ల లోపునకు పడిపోయెను. స్త్రీలది 71 ఏండ్లు. ఒకే యింటియందలి భార్యాభర్తల ఆయువునకు 13 ఏండ్లు మించిన అంతరమేర్పడెను. వితంతువులైన తల్లులును తండ్రి లేని పిల్లలును ఆ కాలపు రష్యా కుటుంబములలో సాధారణమైరి.

దీనికి హేతువులను గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఉద్యోగము, వేతనము, సంఘమున స్థానము ఒక్కసారిగా కోల్పోవుటయే మూలమని కొందఱి వాదము. 1992లో వోడ్కాపై ప్రభుత్వ గుత్తాధికారము తొలగి, ఇతర వస్తువులతో పోల్చినచో దాని ధర మిక్కిలి చౌకయగుటయే కారణమని మఱికొందఱి వాదము. 1985 నాటి కట్టుబాటు వలన అప్పటికి ప్రాణము దక్కినవారే పిదప ఒక్కుమ్మడిగా మరణించిరనియు చెప్పుదురు. ఈ మూడును పరస్పర విరుద్ధములు కావు. 1994 తరువాత కొంత తగ్గిన మరణములు 1998 ఆగస్టులో సంభవించిన ఆర్థిక సంక్షోభము పిమ్మట మరల పెరిగి, 2003 నాటికి ఏటికి 23 లక్షల 66 వేలకు చేరుటను గమనించినచో జీవనోపాధికిని మరణమునకును గల సంబంధము తోచును. ఆ పిమ్మట మద్యముపై నియమములు బిగిసి, హృద్రోగ చికిత్స మెరుగుపడి, 2019 నాటికి పురుషుల ఆయుర్దాయము 68 ఏండ్లు దాటెను.

పుట్టని తరము

మరణములను తగ్గించుట కష్టమే యైనను సాధ్యమని పై అంకెలు చెప్పుచున్నవి. జననముల విషయము అట్లు కాదు. 1990వ దశకమున జననములు తగ్గుటకు పేదరికమొక్కటే కారణము కాదు. 1980వ దశకపు భృతులను చూచి చాలమంది దంపతులు రెండవ బిడ్డను ముందుగానే కనిరి. సోవియట్ కాలమున స్త్రీలు ఇరువది రెండు, ఇరువది మూడేండ్లకే తల్లులగుచుండిరి. ఆ పిమ్మట వివాహమును, మాతృత్వమును వాయిదా వేయు నలవాటు బలపడెను. ఈ కారణములన్నియు ఒకే కాలమున కలిసివచ్చెను.

2007 నుండి రెండవ బిడ్డను కన్న తల్లికి ‘మాతృధనము’ అను పేర 2 లక్షల 50 వేల రూబుళ్ల సహాయమును రష్యా ప్రభుత్వము ప్రవేశపెట్టెను. సంతానపు సగటు 2015 నాటికి 1.78కి పెరిగెను, 2013 నుండి 2015 వఱకు జననములు మరణములను స్వల్పముగా మించెను. కాని అప్పుడు తల్లులైనవారిలో పలువురు 1980వ దశకమున అధికసంఖ్యలో పుట్టినవారు. వారి వెనుక వచ్చినవారు 1990వ దశకపు కొద్దిమంది. 1987లో 25 లక్షల శిశువులు పుట్టగా, 1999లో పుట్టినవారు అందు సగము కంటెను తక్కువ. 1999లో పుట్టిన బాలిక 2024 నాటికి 25 ఏండ్ల యువతి. ఆ 2024లో రష్యాలో జననములు 12 లక్షల 22 వేలు; 1999 తరువాత ఇంత తక్కువ ఎన్నడును లేదు. భృతి ఎంత ఇచ్చినను పుట్టని తల్లులకు బిడ్డలు కలుగరు.

వలస అను మూడవ లెక్క

లాట్వియా, లిథువేనియా దేశములలో జననములు తగ్గుటతోబాటు, 2004లో ఐరోపా సమాఖ్యలో చేరిన పిమ్మట యువకులు పశ్చిమ దేశములకు వెడలిపోయిరి. యుక్రెయిన్ ప్రజలు 2001 లెక్కలలో 4 కోట్ల 85 లక్షలు. ఆ దేశమున ఆ తరువాత జనాభా లెక్కలే జరుగలేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తిన పిమ్మట 2023 నాటికి సుమారు 60 లక్షల మంది యుక్రెయిన్ వాసులు, అందును ముఖ్యముగా స్త్రీలును పిల్లలును, పరదేశములందు శరణార్థులుగా నుండిరి.

మధ్య ఆసియా చరిత్ర దీనికి భిన్నము. ఉజ్బెకిస్తాన్‌లో స్వాతంత్ర్యము వచ్చునాటికి సంతానపు సగటు సుమారు 4. అది పిమ్మట చాల తగ్గినను, యువజనులు అధికముగా నుండుటచే జననములు మరణములను మించుచునే యుండెను. 2020 తరువాత ఆ సగటు మరల 3 దాటెను. తజికిస్తాన్ 1992 నుండి 1997 వఱకు అంతర్యుద్ధమున తగులుకొనియు, 1989లో 51 లక్షలుగా నున్న తన ప్రజలను సుమారు కోటికి పెంచుకొనెను.

కజకస్తాన్ చరిత్ర చిరకాలముగా పరభాషా ప్రాంతములందు వసించు జనసమూహములకు ప్రత్యేకముగా పరిశీలింపదగినది. 18వ శతాబ్దమున కేథరిన్ రాణి ఆహ్వానముపై వచ్చి వోల్గా తీరమున స్థిరపడిన జర్మనులను 1941లో ప్రభుత్వము నిర్బంధముగా తూర్పునకు తరలించెను. 1989లో కజకస్తాన్ జర్మనులు 9 లక్షల 57 వేలు. 1999లో 3 లక్షల 53 వేలు. 2009లో 1 లక్ష 78 వేలు. ఈ తగ్గుదలకు ప్రధాన కారణము జనన మరణములు కావు. జర్మనీ ద్వారములు తెరచుటయు, వారు తరలిపోవుటయు. అదేవిధముగా 60 లక్షలు దాటియున్న రష్యనులు 2021 నాటికి 30 లక్షల లోపునకు దిగిరి. యువకులు పోగా వృద్ధులు మిగిలిన సమూహమున పాఠశాలలకు పిల్లలు కరవగుదురు. అదే కాలమున కజకుల జననములు పెరిగి, దేశ జనసంఖ్య 1999లో 1 కోటి 50 లక్షల నుండి 2023 చివరకు 2 కోట్లకు చేరెను. దేశపు మొత్తము అంకెను మాత్రమే చూచినవానికి ఈ రెండు కథలలో ఒకటియు కనబడదు.

ముగింపు

2021లో కోవిడ్ మహమ్మారి రష్యాలో మరణములను 24 లక్షలకు పెంచెను. ఆ ఒక్క యేట మరణములు జననములను 10 లక్షలు మించెను. మఱుసటి యేటి నుండి యుద్ధము పనిచేయు వయస్సునందలి పురుషులనే మరల బలిగొనుచున్నది. 2025లో రష్యా గణాంకశాఖ నెలవారీ జనన మరణముల వివరములను బహిరంగముగా ప్రకటించుట నిలిపివేసెను.

1937లో లెక్కలను రద్దుచేసిరి. 1974 తరువాత లెక్కలను దాచిరి. 2025లో మరల మూసిరి. ఈ మూడు సందర్భములందును అంకెలు మఱుగుపడెనే గాని, అవి తెలుపు నష్టము మఱుగుపడలేదు. అకాలమరణము చెందిన తండ్రి, పుట్టని బిడ్డ, ఊరు విడిచిన కుటుంబము ఇవి మూడును వేర్వేఱు నష్టములు. వీనికి కారణములును వేఱు, ఉపాయములును వేఱు. మరణములను పదిపదునైదేండ్లలో తగ్గించవచ్చును. వెడలినవారు ఒకప్పుడు తిరిగి రావచ్చును. పుట్టని తరము మాత్రము తిరిగి రాదు. ఇరువదియైదేండ్ల కొకమారు తన లోటును మరల చూపుచునే యుండును. ఇట్టి లోటును ముందుగా నెఱుగుటకు ఏ జనసమూహమైనను తన పుట్టుకలను, చావులను, రాకపోకలను వేర్వేఱుగా, దాచకుండ వ్రాసి యుంచుకొనవలెను.