చిట్టాలన్నియు ఒకచోట

పూర్వము నావికులు ఓడ వేగమును కొలుచుటకు, ముడులు వేసిన త్రాటికి కొయ్యముక్కను కట్టి సముద్రములో విడిచెడివారు. ఆ కొయ్యకు ‘లాగ్’ అని పేరు. ఆ లెక్కలు వ్రాసిన పుస్తకము ‘లాగ్ బుక్కు’ అయినది. నేడు కంప్యూటర్లు తమంతట తాము వ్రాసికొను చిట్టాకు గూడ అదే పేరు నిలిచినది.

చిట్టా వ్రాయుట ఒక ఎత్తు, పలుచోట్ల చిట్టాలను ఒకచోటికి చేర్చుట మరొక ఎత్తు. వికారాబాదు, తాండూరుల మీదుగా పోవు రైలుమార్గము ఇందుకు మంచి నిదర్శనము.

సికింద్రాబాదు-వాడి మార్గము 1874లో ఏర్పడినది. రైలు వచ్చిన వేళను, పోయిన వేళను ప్రతి స్టేషనులోను రిజిస్టరులో వ్రాయుట రైల్వేల ఆచారము. తాండూరు రిజిస్టరు తాండూరులోను, వికారాబాదు రిజిస్టరు వికారాబాదులోను ఉండును. రెండు గడియారములకు రెండు నిమిషముల తేడా ఉన్నచో ఏది ముందు జరిగినదో తేల్చుట ఎట్లు? ప్రమాద విచారణలో ఆ రెండు నిమిషములే కీలకము. టెలిఫోను వచ్చిన పిమ్మట రైల్వేలలో కంట్రోలు కార్యాలయములు వెలసినవి. స్టేషను మాస్టర్లు చెప్పిన వేళలను కంట్రోలరు ఒకే పటముపై గీతలుగా గీసెడివాడు.

కంప్యూటర్లకు ఈ సౌకర్యము 1980 దశకములో వచ్చినది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఎరిక్ ఆల్మన్ ‘సిస్‌లాగ్’ను రూపొందించెను. యంత్రములన్నియు తమ వార్తలను ఒకే యంత్రమునకు పంపుటకు అది దారి చూపెను. అయితే తొలి పద్ధతిలో వార్త చేరినట్లు రశీదు లేదు. దారిలో తప్పిపోయినను పంపిన యంత్రమునకు తెలియదు.

ఈ లోపమునకు జవాబు మరల వికారాబాదు మార్గముననే చూడవచ్చును. రైళ్లు ఢీకొనకుండ కాపాడు ‘కవచ్’ను ప్రయాణికుల రైళ్లపై పరీక్షించుట 2016 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. లింగంపల్లి-వికారాబాదు-వాడి, వికారాబాదు-బీదరు మార్గములలో 250 కిలోమీటర్ల మేర దీనిని మొదట నెలకొల్పిరి. 2022 మార్చి 4న గుల్లగూడ-చిట్గిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడుపగా, కవచ్ వాటిని 380 మీటర్ల ఎడముననే ఆపివేసినది. కవచ్‌లో ఇంజనులోని యంత్రము, స్టేషనులోని యంత్రము జరిగినదానిని తమవద్ద నమోదు చేసికొని, ఆ సమాచారమును కేంద్రమునకు గూడ పంపును. అన్నియు ఉపగ్రహములు తెలుపు ఒకే కాలమును పాటించును. కేంద్రముతో సంబంధము తెగినను స్థానిక చిట్టా మిగులును.

సంస్థల సర్వర్లకును ఇదే సూత్రము. యంత్రములో చొరబడిన దొంగ తన అడుగుజాడలున్న చిట్టాను తుడిచివేయజూచును. కాని అప్పటికే కేంద్రమునకు చేరిన ప్రతి అతనికి అందదు. ఒకే గడియారము, రెండుచోట్ల ప్రతులు: ఇవి ఉన్నప్పుడే చిట్టా సాక్ష్యమగును.