పట్టాల వెంట వచ్చిన ఇంటర్నెట్

ముంబయి సెంట్రల్ స్టేషన్‌లో గూగుల్, రైల్‌టెల్ కలిసి ఉచిత వైఫై మొదలుపెట్టింది 2016 జనవరిలో. పదేళ్ల పండగ చేసుకోదగ్గ ముచ్చటే.

రైలుకీ కబురుకీ చుట్టరికం పాతది. 1853లో బోరీబందరు నుంచి ఠాణేకు తొలి ప్రయాణికుల రైలు కదిలింది. ఆ దశాబ్దంలోనే టెలిగ్రాఫ్ తీగలు దేశాన్ని అల్లుకున్నాయి. ఆపై నూట నలభై ఏళ్లు ఒక్క గెంతులో దాటేద్దాం. ఎస్టీడీ బూత్‌లు వెలిశాయి, 1995 ఆగస్టు 15న సామాన్యుడికి ఇంటర్నెట్ అందింది. 2000లో పుట్టిన ప్రభుత్వ సంస్థ రైల్‌టెల్ పట్టాల పక్కన ఆప్టికల్ ఫైబర్ పరిచింది.

దానిమీదే గూగుల్ వైఫై వచ్చి కూర్చుంది. కేబుల్ ప్రభుత్వ సంస్థది, వైఫై హంగులు గూగుల్‌వి. 2016 ఏప్రిల్ కల్లా విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ కూడా జాబితాకెక్కాయి. 2018 జూన్‌లో డిబ్రూగఢ్ నాలుగు వందో స్టేషనైంది.

అదే ఏడాది ఎర్నాకుళం జంక్షన్ రైల్వే కూలీ ఒకతను పేపర్లకెక్కాడు. నెత్తిన పెట్టె, చెవిలో ఇయర్‌ఫోన్. స్టేషన్ వైఫైతో దించుకున్న పాఠాలు వింటూ సామాన్లు మోసేవాడు. రాత్రి తీరిక చిక్కితే మళ్లీ వల్లె వేసేవాడు. కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపరీక్ష అలాగే గట్టెక్కాడు. కోచింగ్ సెంటర్ మెట్లెక్కే స్తోమత లేనివాళ్లకు ప్లాట్‌ఫాం ఏమివ్వగలదో ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ కథే.

తర్వాతి కథ ఇంత సాఫీగా సాగదు. అప్పటికే 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించేసింది. 2020 ఫిబ్రవరిలో గూగుల్ ఇక సెలవంది. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి పథకానికి పచ్చజెండా ఊపి, కిరాణా కొట్టూ టీకొట్టూ వైఫై అమ్ముకోవచ్చంది. స్టేషన్లలో రైల్‌టెల్ 2021లో రేట్లు పెట్టింది: రోజుకు తొలి అరగంట ఉచితం, ఆపైన వాడాలంటే పది రూపాయల ప్లాన్ నుంచి మొదలు. ఆ ఉచితానికీ ఓటీపీ కావాలి, ఓటీపీ రావాలంటే పనిచేసే సిమ్ ఉండాలి. అందరిదీ అన్న వైఫై గడప దగ్గరే కొందరు ఆగిపోతారు.

అయినా గూగుల్ దిగిపోయాక వైఫై ఆరిపోలేదు. ఆరువేల పైచిలుకు స్టేషన్లకు పాకింది. కేబుల్ ప్రజల సంస్థ చేతిలో ఉండబట్టే అది సాధ్యమైంది. రేపు ఏ నగరపాలక సంస్థ ఏ కంపెనీతో చేయి కలిపినా, ఒప్పందంలో ముందు రాయించుకోవాల్సిన షరతు ఒకటే: కంపెనీ వెళ్లిపోయినా కేబుల్ ఊరిదే.