అలుగుకు రైతులే వేసిన పునాదిరాయి

శంకుస్థాపన అంటే మన దగ్గర సర్కారు పని. ఒక్క కడప ఉక్కు ఫ్యాక్టరీకే 2007లో రాజశేఖరరెడ్డి, 2018లో చంద్రబాబునాయుడు, 2019లో జగన్‌మోహనరెడ్డి వేర్వేరు చోట్ల రాళ్లు వేశారు. ఆ పనిని 2016 మే 31న రాయలసీమ రైతులు తమ చేతుల్లోకి తీసుకున్నారు. అప్పటి కర్నూలు జిల్లా సిద్ధేశ్వరం దగ్గర కృష్ణకు అడ్డంగా అలుగు కట్టాలని తామే పునాదిరాయి వేశారు.

దీని వెనక దాదాపు ఎనభై ఏళ్ల కథ ఉంది. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్లపాటు సీమకు, నెల్లూరుకు ముందు వాటా అని 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో పెద్దమనుషులు రాసుకున్నారు. 1951 నాటి కృష్ణా-పెన్నా పథకంలో సిద్ధేశ్వరం ఆనకట్ట ఉంది. అది కాగితాల్లోనే ఆగింది, నాగార్జునసాగర్ లేచింది. 1963లో నెహ్రూ పునాది వేసిన శ్రీశైలం కరెంటు కోసం పుట్టింది. దాని కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. అందులో కర్నూలు జిల్లావీ ఉన్నాయి. ఊళ్లు మునిగిన జిల్లాకే నీళ్లు దక్కకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఎందుకు దక్కలేదో రెండు అంకెలు చెబుతాయి. సీమ కాలువలకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడు తూముల మట్టం 841 అడుగులు. 1996లో వచ్చిన 69వ నంబరు జీవో శ్రీశైలం కనీస మట్టాన్ని 854 నుంచి 834 అడుగులకు దించింది. జలాశయం అంతకు పడిపోతే కాలువలోకి చుక్క రాదు. సిద్ధేశ్వరం దగ్గర అలుగు కడితే దిగువన శ్రీశైలంలో మట్టం తగ్గినా ఎగువన పోతిరెడ్డిపాడు దగ్గర నీళ్లు నిలుస్తాయి. వరదొస్తే పైనుంచి పొర్లిపోతాయి. అవతలి గట్టు తెలంగాణ కాబట్టి రెండు రాష్ట్రాలూ మాట్లాడుకోవాల్సిన పనే. ఆ మాటలు మొదలుపెట్టమనే రైతులు అడిగింది.

విన్నపాలకు జవాబు లేకపోయేసరికి, బొజ్జా దశరథరామిరెడ్డి నాయకత్వంలోని రాయలసీమ సాగునీటి సాధన సమితి 'ప్రజా శంకుస్థాపన'కు పిలుపిచ్చింది. పోలీసులు ఆంక్షలు పెట్టారు, దారుల్లో అడ్డుకున్నారు. అయినా వేలమంది కదిలారు, రాయి పడింది. ఆయుధాలు లేకుండా శాంతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. న్యాయమైన అభిప్రాయాన్ని నొక్కేయడానికి 144 సెక్షన్‌ను వాడకూడదని 2020లో, కశ్మీర్ ఆంక్షల కేసులో, సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నీళ్లడిగే రైతుకు పోలీసు ఎదురు నిలవడం ఏ ప్రభుత్వానికైనా తప్పే.

2022లో కేంద్రం అదే చోట, సిద్ధేశ్వరం-సోమశిల మధ్య, తీగల వంతెనకు వెయ్యి కోట్లకు పైగా మంజూరు చేసింది. వంతెనతోపాటే బ్యారేజీ కూడా కట్టమని సీమ ఉద్యమకారులు అడుగుతున్నారు. ఏటా మే 31న ఆ నది ఒడ్డుకే వెళ్లి మళ్లీ అదే అడుగుతున్నారు.