ఎర్రకాలువ నీళ్ళు భూమిలోకి దింపితే అవి ఎవరివి?



నిడదవోలు గురించి మన గ్రూపులో పోస్టు ఏంటి అని కొందరికి అనిపించొచ్చు. అది ఏజెన్సీ కాదు, డెల్టా ఊరు. పాతకాలంలో నిరవద్యపురం, రుద్రమదేవి మెట్టినిల్లు. కానీ బుట్టాయిగూడెం, జంగారెడ్డిగూడెం వైపు కొండల్లో, మెట్టలో పడ్డ వాన ఎర్రకాలువలో కలిసి కిందికి దిగేది నిడదవోలు, తాడేపల్లిగూడెం మండలాల మీదుగానే. 2024 జూలైలో ఆ కాలువ పొంగి అక్కడి వరిచేలు మునిగాయి. ఎండాకాలం వచ్చేసరికి పైన మన గూడేల్లో చేతిపంపు కొడితే గాలి వస్తుంది. అంటే కింద ముంచే నీళ్ళే పైన లేని నీళ్ళు.

మరి వాటిని పైనే ఆపి భూమిలోకి ఇంకించుకోవచ్చు కదా? ఊటకుంట, చెక్‌డ్యాం, కందకం, ఇవేవీ కొత్త విద్యలు కావు. చిక్కంతా కాగితంలో ఉంది. ఆపడానికి అనుమతి ఎవరివ్వాలి, ఇంకిన నీళ్ళు ఎవరి పేరున ఉంటాయి అన్నదానికి నూట యాభై ఏళ్ళకు పైగా చరిత్ర ఉంది.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. పడమటి డెల్టా కాలువకి తల నిడదవోలు దగ్గరి విజ్జేశ్వరంలో ఉంది. అక్కణ్ణుంచి నీళ్ళు పారిన ప్రతి ఎకరం రికార్డుకెక్కింది. ఆయకట్టు అన్నారు, శిస్తు కట్టించుకున్నారు. శిస్తు భారమే, కానీ ఆ రసీదే తర్వాత తరాలకి హక్కు పత్రం అయింది. ఏలూరు కాలువ, ఎర్రకాలువ కలవకుండా దాటుకునే చోట నందమూరు అక్విడెక్టు ఉంది. గోదావరి నీళ్ళూ కొండ నీళ్ళూ అక్కడ ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. ఒకదానికి ఆయకట్టు లెక్క ఉంది. రెండోదాన్ని ఆ ఊళ్ళలో వరద అనే అంటారు. మన వాటా ఆ రెండోదాన్లో ఉంది.

ఇక చట్టాలకొద్దాం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే అసలు మెలిక ఇక్కడే ఉంది.

1865లో మద్రాసు ప్రభుత్వం నీటి శిస్తు చట్టం తెచ్చింది. సర్కారు వాగు, కాలువ, చెరువు నీళ్ళతో పంట పండితే శిస్తు కట్టాలి. నేరుగా పారిన నీళ్ళకే కాదు, భూమిలోకి ఇంకి పక్కచేలో ఊటగా తేలిన నీళ్ళకి కూడా ఆ చట్టం కింద శిస్తు వేయొచ్చు. అంటే వసూలు చేసేటప్పుడు నీళ్ళు ఎక్కడ ఇంకి ఎక్కడ తేలాయో సర్కారుకి బాగానే తెలుసు!

1882లో ఈజ్‌మెంట్ల చట్టం వచ్చింది. మొదట అమలైన ప్రాంతాల్లో మన మద్రాసు రాష్ట్రం ఒకటి. దాని 7వ సెక్షన్ ఏమంటుందంటే, ఒక దారి పట్టి పారకుండా భూమి కింద ఉన్న నీళ్ళని ఆ భూమి యజమాని తన హద్దులో తోడుకోవచ్చు. పైన దారి పట్టని వాననీళ్ళని కూడా పట్టుకోవచ్చు. 1905 భూ ఆక్రమణల చట్టం వాగులు, వంకలు, పారే నీళ్ళు, నిలిచిన నీళ్ళు సర్కారు ఆస్తి అంది. ఇతరుల సహజ హక్కులకీ ఆచార హక్కులకీ లోబడి అని ఒక మాట కలిపింది గానీ, ఆ ఆచారాన్ని రాసుకున్నదెవరు?

ఈ మూడూ కలిపి చూడండి. చేలో పడ్డ చినుకు రైతుది. గట్టు దాటి వాగులో పడగానే సర్కారుది. వాగులోంచి ఇంకి కిందికి పోగానే, పైన భూమి ఎవరిదైతే వాళ్ళది. అదే చినుకు మూడు చోట్ల ముగ్గురి సొత్తు. ఇంకించినవాడి పేరు ఎక్కడా లేదు.

కాబట్టి మన గూడెం అంతా కలిసి కుంట తవ్వి నీళ్ళు దింపినా, పక్క భూమిలో లోతైన బోరు వేసినవాడు తోడుకుపోతే ఈ పాత చట్టం ప్రకారం అడ్డులేదు. మన దగ్గర ఇది మరీ చేదు. 1/70 చట్టం గిరిజన భూమిని గిరిజనేతరుడి చేతికి పోనివ్వదు. ఆ భూమి కింది నీళ్ళు గట్టు దాటి పక్కబోరులోకి పోవడం గురించి మాత్రం అది మాట్లాడదు.

2000లో నీరు-మీరు కింద చాలాచోట్ల ఊటకుంటలు తవ్వారు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. బావులు, బోర్లు రిజిస్టరు చేయాలి, తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపు కొత్త బోరుకి అనుమతి కావాలి, వాననీరు ఇంకించే ఏర్పాట్లు చేయాలి అంది. మంచిదే. తోడేవాడికి అడ్డుకట్ట వేసింది. నింపినవాడికి హక్కు మాత్రం ఇవ్వలేదు.

ఇచ్చిన చోటు ఉందా అంటే ఉంది. అమెరికాలోని అరిజోనా. అక్కడ 1986 నుంచి చట్టం ఉంది, 1994లో దాన్ని సరిచేసి ఒకచోట చేర్చారు. మూడు వేర్వేరు అనుమతులు: ఇంకించే చోటుకి ఒకటి, నీళ్ళు దాచుకోవడానికి ఒకటి, తిరిగి తోడే బావికి ఒకటి. ఎంత దాచారో బ్యాంకు పాసుబుక్కులాగా ఖాతాలో రాస్తారు. చాలా సందర్భాల్లో 5 శాతం భూమికే వదిలేయాలి. మనకి ఆసక్తి కలిగించేది అక్కడి గిలా నది ఆదివాసీల సంగతి. 19వ శతాబ్దంలో పైనున్న వలసదారులు నదిని మళ్ళిస్తే వాళ్ళ పొలాలు ఎండి ఆకలితో అల్లాడారు. రిజర్వేషన్ ఇచ్చారంటే దాంతోపాటు నీళ్ళూ ఇచ్చినట్టే అని 1908లో వింటర్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారిన పోరాడి 2004 ఒప్పందంలో ఏటా 6,53,500 ఎకరం-అడుగులు రాయించుకున్నారు. మన లెక్కలో 28 టీఎంసీల పైమాటే. అందులో కొంత ఎండిపోయిన పాత నది ఇసుకలోకే వదిలి ఇంకిస్తున్నారు, ఖాతాలో జమ చేసుకుంటున్నారు. వాళ్ళది సొంత పాలన ఉన్న జాతి, మనతో అన్నీ పోల్చలేం. అయినా ఆ పాసుబుక్కు ఆలోచన గుర్తుపెట్టుకోండి.

మన చేతిలో ఇప్పుడున్నది అటవీ హక్కుల చట్టం, 2006. అందరూ పట్టాల కోసమే దాన్ని తిరగేస్తారు. 3(2) చూడండి. చెరువులు, చిన్న నీటివనరులు, వాననీటి నిల్వ కట్టడాలు, చిన్న కాలువల కోసం అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పని హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకి 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. కట్టడం సర్కారు నిర్వహించేదై ఉండాలి కాబట్టి ఉపాధి హామీ కిందో, ఏదైనా శాఖ ద్వారానో దరఖాస్తు పోవాలి. రేంజ్ ఆఫీసరు చోటు చూస్తాడు, డీఎఫ్‌వో తేలుస్తాడు. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద ఢిల్లీ దాకా వెళ్ళక్కర్లేదు. పీసా ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో చిన్న నీటివనరుల నిర్వహణ పంచాయతీలది.

ఈ అనుమతి కట్టడానికే, నీళ్ళకి కాదు. అందుకే తీర్మానం రాసేటప్పుడు "చెక్‌డ్యాం కావాలి" అని ఒక్క ముక్కతో వదిలేయొద్దు. వాగు పేరు, కంపార్ట్‌మెంటు నంబరు, కింద ఏయే బావులు, పంపులు దానిమీద ఆధారపడ్డాయి, ఎన్ని గడపలు వాడతాయి, ఇవన్నీ రాయించండి. అదే చట్టం 5వ సెక్షన్ నీటి వనరుల్నీ, వాటి పైనుండే పరీవాహక ప్రాంతాన్నీ కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది, ఆ సెక్షన్ నంబరు కూడా తీర్మానంలో ఉండాలి. సామూహిక అటవీ వనరుల హక్కుకి ఫారం-సి పెట్టే గూడేలు సరిహద్దు గుర్తులు చెప్పేచోట గుట్టలతోపాటు ఊటల పేర్లూ చేర్చాలి. ఆ పేర్లు ఇప్పటికీ చెప్పగలిగినవాళ్ళు మన అవ్వలు, తాతలే. ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అడిగి నోట్‌బుక్కులో రాసుకొచ్చినవాళ్ళు కింద కామెంట్లో పెట్టండి, గూడెంవారీగా ఒకచోట చేరుద్దాం.