ఉర్నెస్ కొయ్య చర్చి – మిద్దె పరిభాష

నార్వేలోని ఉర్నెస్ చర్చి 1130 ప్రాంతపు కట్టడం. 1979లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఇటువంటి కట్టడాలను తెలుగులో ‘చెక్క చర్చి’ అనడం పరిపాటి. ఆ మాట వాడిన సరుకును చెబుతుందే గాని కట్టిన తీరును చెప్పదు. వీటి విశేషమంతా నిలువు కంబాల్లో ఉంది. ‘స్టావ్ చర్చి’ అన్న పేరు కూడా కంబాన్ని బట్టి వచ్చినదే.

తొలినాటి చర్చిల కంబాలను నేలలో పాతేవారు. తేమకు మొదళ్లు కుళ్లి అవి నిలువలేదు. తరువాతి వడ్రంగులు రాతి పునాదిపై అడ్డుమానులు పరచి, వాటిమీద కంబాలు నిలిపారు. తొమ్మిది శతాబ్దాల మన్నికకు ఇది ముఖ్యకారణం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల పాత మిద్దెల్లోనూ కంబం రాతి దిమ్మెపైనే నిలుస్తుంది. అక్కడ భయం తేమ, ఇక్కడ చెద. కప్పు విషయంలో మాత్రం పోలిక చెల్లదు: మిద్దెలో దూలాలు, దంతెలు చదునైన మట్టికప్పును మోస్తాయి, ఉర్నెస్ కప్పు నిట్టవాలు.

మరి కంబాల కింది అడ్డుమానును ఏమనాలి? ‘దూలం’ అనడం సరికాదు. దూలం తలపైన ఉండేది. ద్వారబంధపు అడుగుమాను ‘గడప’ను అర్థవిస్తృతితో వాడవచ్చునని నా అభిప్రాయం. (కడప పేరూ ఈ మాట నుంచే వచ్చిందని ప్రతీతి.) ఉర్నెస్ ఉత్తరపు గోడలో, పెనవేసుకున్న మృగాల చెక్కడంతో ఉన్న 11వ శతాబ్దపు పాత చర్చి ద్వారాన్ని తిరిగి అమర్చారు. దానికి ‘ద్వారబంధం’ చాలు.

మాండలిక వృత్తిపదకోశాలలో గృహనిర్మాణానికీ ఒక సంపుటం ఉంది. విదేశీ వాస్తువును వర్ణించే మన వ్యాసాలు దానిని తెరచిన జాడ అరుదు. మిద్దెల స్థానంలో స్లాబు ఇళ్లు లేస్తున్న ఈ మూడు ఊళ్లలో, వృద్ధ వడ్రంగులు ఉండగానే ఆ పదాలను మళ్లీ సరిచూడవలసి ఉంది.