128 తేడా: చిక్కబళ్లాపురం తెలుగు, కంప్యూటర్ అక్షర సంకేతాలు

చిక్కబళ్లాపురం జిల్లా బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. అందుకే తెలుగు రాయాల్సి వస్తే చేతికి అందేది కన్నడ లిపి. కైవారం తాతయ్యగా పేరుబడ్డ యోగి నారేయణ తెలుగు తత్త్వాలను కన్నడ అక్షరాల్లో చదువుకునేవాళ్లు ఇక్కడ ఎందరో. కాగితం మీద ఇందులో ఇబ్బందేమీ లేదు. కంప్యూటర్‌తోనే చిక్కు. అది చాలాసార్లు లిపిని చూసి భాషను ఊహిస్తుంది. కన్నడ లిపిలో టైపు చేసిన తెలుగు తత్త్వం దాని దృష్టిలో అక్షరదోషాలతో నిండిన కన్నడం. ప్రతి మాట కిందా ఎర్రగీత పడుతుంది.

రెండు లిపుల మధ్య లెక్క మాత్రం చాలా తేలిక. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. ప్రధాన భారతీయ లిపులకు ఒకే వరుస పాటించిన ఇస్కీ ప్రమాణాన్ని ఆధారం చేసుకుని, ఆ అంకెలను నిర్ణయించే యూనికోడ్ తెలుగుకు 3072 నుంచి, కన్నడానికి 3200 నుంచి చెరో 128 గళ్లు కేటాయించింది. తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. ‘ర’ అయితే 3120, 3248. తెరమీద ఈ రెండు ‘ర’లనూ విడదీసి చెప్పడం కష్టం, అయినా ఒకటి వెతికితే రెండోది దొరకదు. రష్యన్ ‘అ’ (1072), ఇంగ్లీషు చిన్న ‘ఎ’ (97) కూడా చూపుకు ఒకటే, సంకేతానికి వేరు. మనకు ఊరట ఏమంటే, 128 కలిపితే తెలుగు పాఠం కన్నడ లిపిలోకి, తీసేస్తే కన్నడ లిపిలోది తెలుగులోకి వచ్చేస్తుంది.

అన్ని అక్షరాలూ ఈ లెక్కకు లొంగితే ఈ వ్యాసం అక్కర్లేదు. రేనాటి చోళుల తొలి తెలుగు శాసనాల్లోనూ, హళగన్నడంలోనూ (పాత కన్నడం) ఉన్న ‘ఴ’ను చూడండి. కన్నడ ‘ఴ’ను యూనికోడ్ వరుస తప్పించి 3294లో పెట్టింది, పైగా పొరపాటున దానికి ‘ఫ’ అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదన్నది యూనికోడ్ నియమం. అందుకని సరైన పేరును మారుపేరుగా చేర్చి ఊరుకున్నారు. తెలుగు ‘ఴ’ 2014లో వచ్చింది, తన వరుసలోనే, 3124లో. దానికి 128 కలిపితే 3252; అది ఖాళీ గడి! రష్యన్ ‘యో’ది కూడా ఇదే కథ: తక్కిన చిన్న అక్షరాలు 1072 నుంచి 1103 వరకూ బారుతీరితే అది 1105లో విడిగా కూర్చుంది, సంకేతాల అంకెలను నమ్మి అకారాది కూర్చే ప్రోగ్రాములను తికమక పెడుతూ. ‘ఴ’ చిక్కు మన ప్రాంతపు శాసనాల దగ్గరా ఎదురవుతుంది. 1905 నాటికి చిక్కబళ్లాపురం కోలారు జిల్లాలో భాగం. ఆ జిల్లా శాసనాలతో శాసన పరిశోధకుడు బి.ఎల్. రైస్ ఆ ఏడు తెచ్చిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటాన్ని కంప్యూటర్‌కెక్కించేవారు ఈ ఒక్క అక్షరాన్ని విడిగా చూసుకోవాలి.

శాసనాల ‘ఴ’ పండితుల బాధ. ‘ౘాప’, ‘ౙొన్న’ మాత్రం నిత్యం నోట్లో నలిగే మాటలు. దంత్యమైన ‘ౘ’, ‘ౙ’లకు 2008లో తెలుగు గళ్లలో 3160, 3161 దక్కాయి, కన్నడంలో వాటికి సరిపడే 3288, 3289 ఖాళీ. మామూలు రాతలో తెలుగువాళ్లమే వీటిని వాడం కదా అనవచ్చు. నిజమే, తెలుగువాడికి వేరే గుర్తు అక్కర్లేదు, ‘జొన్న’ అని రాసినా ‘ౙొన్న’ అని పలకడం తెలుసు. కాని మాండలికాన్ని నమోదు చేసే పరిశోధకుడికి ఆ తేడాయే ప్రాణం.

నా అభిప్రాయంలో కొత్త గళ్ల కోసం ఎదురుచూడనక్కర్లేదు. ‘జూ’ లాంటి అరువు మాటల కోసం కన్నడంలో ‘జ’ కింద నుక్తా చుక్క పెట్టే అలవాటు ఉంది. ‘ౙ’కు అదే సరిపోతుంది, ‘ౘ’కు ‘చ’తో అలాగే చేయవచ్చు. అయితే తెలుగులోకి తిప్పేటప్పుడు గుడ్డిగా 128 తీసేస్తే, 3260లోని కన్నడ నుక్తా 2021లో చేరిన తెలుగు నుక్తాగా (3132) మారి ‘జ’ కింద వేలాడుతుంది. ‘జ’, నుక్తా జంటను 3161గా మార్చే సూత్రం ముందే రాసుకోవాలి. వీటన్నిటికంటే ముందు చేయాల్సింది, ప్రతి పాఠానికీ భాష తెలుగు, లిపి కన్నడం అని విడివిడిగా ట్యాగు పెట్టడం. అంతర్జాతీయ భాషా సంకేతాల్లో ఆ వీలు ఎప్పటినుంచో ఉంది.